మూగబోయిన లాప్‌టాప్‌లూ మా ఆపరేటరమ్మా

మా ఆపరేటరమ్మ పోయింది. కబురు చెప్పింది ఆవిడ తమ్ముడు. కొరాపుట్‌లో నేను ఆఫీసుకు బయలుదేరబోతుంటే ఫోన్ మోగింది. "అక్క ఎల్లిపోనాదమ్మీ. టీ పెడతానని లేచింది, మళ్లీ అక్కడే కూలబడిపోయింది," అన్నాడు. తర్వాత ఆయన చాలాసేపు మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. లైను పట్టుకుని ఊరికే ఉంటే ఆవిడకు ఒళ్లు మండేది. మాట్లాడితే మాట్లాడండి, లేదంటే లైను వదిలేయండి అని కసిరేది. ఆవేళ కసిరేవాళ్లు లేక ఇద్దరం అలాగే ఉండిపోయాం.

ఆవిడ ఎవరో చెప్పాలి. ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో ఒక ఫ్యాక్టరీ టౌన్‌షిప్ ఉంది. అక్కడి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగం చేసింది. పసితనంలోనే చూపు పోయింది. టౌన్‌షిప్‌లో ఎవరు ఫోనెత్తినా గొంతు విని పేరు చెప్పేదట. రిటైరయ్యాక రాయగడలో తమ్ముడింటికి వచ్చేసింది. ఆ ఇల్లు మా వీధిలోనే. వీధంతా ఆవిడను ఆపరేటరమ్మ అనే పిలిచేవాళ్లు, నేను మాత్రం అత్తా అనేదాన్ని. మా నాన్న మున్సిపాలిటీ నీళ్ల పంపు దగ్గర పనిచేస్తాడు. నాకు పుట్టుకతోనే చూపు లేదు. జాలిపడమని చెప్పడం లేదు. ఇది తెలియకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు, అందుకని చెబుతున్నాను.

ఉద్యోగం వదిలినా అలవాట్లు ఆవిడను వదల్లేదు. తలుపు కొడితే లోపల్నుంచి "ఎవరు కావాల?" అనేది. ఎవరైనా వచ్చి పక్కింటివాళ్ల గుట్టు విప్పబోతే, కాసేపు విని, వెనకటి ట్రంకు కాల్ కోసేసినట్టు "మూడు నిమిషాలైపోనాది" అని లేచిపోయేది. టీ గ్లాసును గోటితో కొట్టి, ఆ మోతను బట్టి ఎంత నిండిందో చెప్పేది. నాకూ నేర్పింది. నా గ్లాసు ఇప్పటికీ ఒక్కోసారి పొర్లిపోతుంది.

నేను ఆవిడ దగ్గర చేరేసరికి ఒక ఉద్యోగ పరీక్ష పోగొట్టుకుని ఉన్నాను. చూపు లేనివాళ్లకు పరీక్షలో రైటర్ని ఇస్తారు. మనం చెబుతాం, అతను రాస్తాడు. నాకు ఇచ్చినతను ఆవేళ బస్సు అందుకోవాలట. నేను వాక్యం సగంలో ఉండగానే అయిందా, అయిందా అని తొందర. ఏం రాశాడో దేవుడికే తెలియాలి. ఫెయిలైనందుకు కాదు, ఫెయిలైంది నేనో అతనో తెలియనందుకు కుమిలిపోయాను. వెళ్లి ఆవిడ ముందు ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు.

"మరైతే నీ సేత్తో నువ్వు రాయి. అప్పుడు తప్పోతే నిన్ను నువ్వు తిట్టుకోవచ్చు," అంది.

అంతే, నాకు అదే పట్టుదల అయిపోయింది. మళ్లీ పరీక్షంటూ రాస్తే నా వేళ్లతోనే రాయాలి.

అప్పటికే ఆవిడ శనివారాలు మాలాంటివాళ్లకు కంప్యూటర్ నేర్పుతోంది. నాతో కలిపి అయిదుగురం. ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిన పాత లాప్‌టాప్‌లు, వాటిలో లినక్స్. ఊరికే దొరికే సిస్టం అది. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివే గొంతు కూడా అందులోనే ఉంటుంది. తెలుగూ చదువుతుంది, కాకపోతే జలుబు చేసిన రైల్వే అనౌన్సరు చదివినట్టు ఉంటుంది. అందరి లాప్‌టాప్‌లోనూ సౌండ్ పోతే పాటలు పోతాయి. మా లాప్‌టాప్‌లో సౌండ్ పోతే లాప్‌టాపే పోతుంది, ఒట్టి రేకు పలక మిగులుతుంది. లినక్స్‌కు ఉన్న జబ్బు సరిగ్గా అదే. ఏదో అప్‌డేట్ వస్తుంది, మెషీన్ నుంచి స్పీకర్‌కు కబురు మోసే సౌండ్ డ్రైవర్ అలిగి కూర్చుంటుంది.

శనివారం మేం వెళ్లేసరికి లాప్‌టాప్‌లు మూగబోయి ఉండేవి. మొదట్లో మా ఖర్మ అనుకున్నాం. తర్వాత తెలిసింది, పాడు చేస్తున్నది ఆవిడే. ముందురోజు తీరిగ్గా కూర్చుని ఒకదానికి మ్యూట్ పెట్టేది. ఒకదాని సౌండ్‌ను ఇంట్లో లేని టీవీకి మళ్లించేది. ఒకదాని డ్రైవర్‌ను దింపేసేది. పైగా ఏమీ ఎరగనట్టు పకోడీలు పెట్టేది. మాకు చుక్కలు చూపించింది. మాకు! మునిగుడ నుంచి రైల్లో వచ్చే అమ్మాయి ఒళ్లుమండి, ఇంత దూరం వచ్చేది నేర్చుకోడానికా, మెకానిక్ పని చెయ్యడానికా అని అడిగేసింది. ఆవిడ పకోడీ నములుతూ, పరీక్ష హాల్లో నేనుండను కదా అంది.

మాకు నేర్పిన పద్ధతి ఎక్స్‌ఛేంజిలో లైను తప్పు పట్టుకునే పద్ధతే. "సప్పుడు సచ్చిపోదమ్మీ. దారిలో ఎక్కడో కూకుండిపోద్ది. ఇనీవోడి సెవి కాణ్ణించి ఒక్కో అడుగూ ఎనక్కి నడు," అనేది. అంటే ముందు ఇయర్‌ఫోన్, తర్వాత పిన్ను గుచ్చే కన్నం, వాల్యూమ్, మ్యూట్, చివరికి డ్రైవర్. ఒక అడుగు వేశాక ఆగి వినాలి. వినకుండా రెండో అడుగు వేస్తే, ఏది బాగుచేసిందో, ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తెలియదు. ఇంటర్నెట్‌లో దొరికిన కమాండ్లన్నీ గబగబా కొట్టేస్తుంటే ఆవిడకు పట్టరాని నవ్వొచ్చేది. "ఏటమ్మీ అది, గుడ్డెద్దు సేలో పడ్డట్టు!" అనేది. ఆ సామెత మా గదిలో అనే హక్కు ఆవిడకే ఉంది. మాకంటే ఆవిడే ఎక్కువ నవ్వేది.

ఆవిడా ఒకసారి చేలో పడింది. ఒక లాప్‌టాప్ నిజంగానే మూగబోయింది, ఆవిడ చేసిన పని కాదు. డ్రైవరే అని పంతం పట్టి దింపింది, ఎక్కించింది, పాతది వేసింది, కొత్తది వేసింది, చివరికి సిస్టం మొత్తం మళ్లీ వేసింది. తలప్రాణం తోకకొచ్చింది గానీ చప్పుడు రాలేదు. వారం తర్వాత మునిగుడ అమ్మాయి కన్నంలో వేలు పెట్టి, లోపలేదో ఉందత్తా అంది. ఇయర్‌ఫోన్ పిన్ను కొస విరిగి అందులోనే ఉండిపోయింది. ఇయర్‌ఫోన్ గుచ్చే ఉందనుకుని మెషీన్ స్పీకర్‌ను ఆపేసింది. తలపిన్నుతో ఆ ముక్కను లాగేసరికి గొంతు పలికింది. ఆవిడ రెండు చేతులతో నెత్తి కొట్టుకుని, ఆ అమ్మాయికి తన వాటా పకోడీలు కూడా ఇచ్చేసింది. ఆ రోజునుంచి ముందు వేలు, తర్వాతే కమాండ్ అని పాఠం మార్చింది. తన తప్పును పాఠంలో కలుపుకున్న గురువును నేను ఇంకొకరిని ఎరగను.

కొరాపుట్‌లో ఒక ఆఫీసులో టైపింగ్ ఉద్యోగానికి పరీక్ష పడింది. చూపు లేనివాళ్లు రైటర్ లేకుండా సొంతంగా రాయొచ్చన్నారు. చదివే గొంతున్న లినక్స్ లాప్‌టాప్ వాళ్లే ఇస్తామన్నారు. నాన్నా నేనూ రాయగడలో రైలెక్కాం. సొరంగంలో దూరినప్పుడల్లా నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు. భయం నాకు కాదు, ఆయనకే.

హాల్లో కూర్చుని గొంతును లేపే మీటలు నొక్కాను. ఏమీ లేదు. ఆఫీసరు మంచి మనిషి. నిన్న సాయంత్రం బాగానే చదివిందే, నేనే విని మూత వేశానే అని ఒడియాలో నొచ్చుకున్నాడు. మెషీన్‌ను ఆపి మళ్లీ వేస్తే పరీక్ష లాగిన్ పోతుందట. అవసరానికి రైటర్ని పెట్టుకున్నాం, పిలుస్తాను, దిగులు పడకమ్మా అన్నాడు. రైటర్! మళ్లీ ఇంకొకరి చెయ్యి, ఇంకొకరి బస్సు. కాస్త ఆగమని బతిమాలుకున్నాను.

చెవి దగ్గర్నుంచి వెనక్కి నడిచాను. కన్నంలో వేలు పెట్టాను, ఖాళీ. నా ఇయర్‌ఫోన్ గుచ్చి చూశాను, చప్పుడు లేదు, తీసేశాను. కమాండ్ పెట్టె తెరిచి, తెరుచుకుందా అని ఆఫీసర్నే అడిగి, మ్యూట్ తీసి వాల్యూమ్ మొత్తం పెంచే కమాండ్ కొట్టాను. ఆగాను, విన్నాను. లేదు. ఇక మిగిలింది డ్రైవర్ ఒకటే. నిన్న పలికింది. మూత వేస్తే మెషీన్ పడుకుంది. పొద్దున మూత తీస్తే మెషీన్ లేచింది, డ్రైవర్ లేవలేదు. డ్రైవర్‌ను దింపి మళ్లీ ఎక్కించే కమాండ్ కొట్టాను. దానికి ఆఫీసు పాస్‌వర్డ్ కావాలి.

"సర్, రైటర్ వద్దు. పాస్‌వర్డ్ మీరే కొట్టండి. నేను చెవులు మూసుకుంటాను," అన్నాను.

ఆయన పక్కున నవ్వాడు. నవ్వుతూనే వంగి కొట్టాడు. నేను నిజంగానే రెండు చెవులూ మూసుకున్నాను. మూసుకున్న చెవుల్లోంచే వినబడింది, హాలంతా అదిరేలా, జలుబు చేసిన ఆ గొంతు. అంత మంచి గొంతు నేను పుట్టి ఎరగను. చుట్టుపక్కల కుర్చీలు కదిలాయి. ఆఫీసరు నా వీపు తట్టి, ఇక కానీ అన్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా వేళ్లు ఆగలేదు. ప్రతి అక్షరం నేనే కొట్టాను, తప్పు పడితే నేనే దిద్దాను.

స్టేషన్ నుంచి ఆవిడకు ఫోన్ చేసి, హాల్లో మెషీన్ మూగబోయిందని చెప్పాను. పరీక్ష ఎలా రాశావని అడగలేదు. "ఎక్కడ కూకుండిపోనాది?" అంది. డ్రైవర్ దగ్గర, రైటర్ అవసరం పడలేదు అన్నాను. తిని రండి అని పెట్టేసింది. కానీ మేం వీధిలోకి వచ్చేసరికి అందరికీ తెలిసిపోయింది. ఆవిడ గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్లను ఆపి, "రైటర్ని బయటే కూకోబెట్టీసింది మా అమ్మి," అని చెబుతోంది. ఆవేళ ఎవరికీ మూడు నిమిషాల లెక్క లేదు. ఉద్యోగం వచ్చింది. మా అయిదుగురిలో ఎవరూ ఆ తర్వాత రైటర్ని తీసుకోలేదు.

పెద్దకర్మకు అందరం వెళ్లాం. భోజనాలకు ముందు ఆవిడ గురించి నాలుగు మాటలు చదవాలన్నారు. తమ్ముడుగారు ప్రేమతోనే, మీరు చెప్పండమ్మా, మా అల్లుడు రాసి చదువుతాడు అన్నాడు. మేమే రాస్తామన్నాను. చాప మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను, మిగతా నలుగురూ నా చుట్టూ చేరారు. ఒక్కొక్కరు ఒక్కో మాట అందించారు, నేను కొట్టాను. ఒక్కో అక్షరాన్నీ మెషీన్ పైకి పలుకుతుంటే ఇంట్లో మాటలు సద్దుమణిగాయి. రాయడం అయ్యాక మొత్తం చదవమని మీట నొక్కాను.

"మా ఆపరేటరమ్మ ఎవరి చేతా రాయించుకోలేదు. ఈ మాటలు మేమూ ఎవరి చేతా రాయించలేదు," అని మొదలుపెట్టింది గొంతు. పెరట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. గరిటె తిప్పుతున్నవాళ్లూ ఆపేసినట్టున్నారు, పప్పు కుతకుతలాడటం ఒక్కటే వినబడుతోంది. చదవడం అయిపోయింది. వంటచేసే ఆడమనిషి గుమ్మం దాకా వచ్చి, "ఇంకోపాలి సదవమనమ్మీ," అంది.

మళ్లీ నొక్కాను.