అవతలి ఇంటి జబ్బు

కొన్ని నెలల కిందట మా అమ్మాయిని కేన్సర్ దవాఖానకు తీసుకెళ్ళినప్పుడు అక్కడి డాక్టరమ్మ వరుసగా ప్రశ్నలు వేసింది: ఎన్నో ఏట పెద్దమనిషి అయింది, మొదటి కాన్పు ఎప్పుడు, బిడ్డకు పాలు ఎన్నాళ్ళు ఇచ్చింది, హార్మోన్ మాత్రలేమైనా వాడిందా అని. ఉద్యోగం మూలంగా మా అమ్మాయికి ముప్పై దాటాక గానీ బిడ్డ పుట్టలేదు, రొమ్ములో గడ్డ అందుకే వచ్చిందని మా ఆవిడ ఇంట్లో అప్పటికే తీర్పు చెప్పేసింది. అవీ కొంత కారణమే గానీ అంతా అదే కాదంటూ, మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉండేదా అని డాక్టరమ్మ నావైపు తిరిగింది. ఎవరికీ లేదని ఠక్కున చెప్పాను. మా అత్తగారు మొన్నమొన్నటి దాకా కర్ర లేకుండా తిరిగిందని గొప్పలు కూడా పోయాను.

"అమ్మ సైడ్ ఒక్కటే కాదు అంకుల్, మీ సైడ్ కూడా చెప్పండి. మీ అక్కచెల్లెండ్లు, మేనత్తలు?"

ఆమె అడిగేదాకా నాకు మా మేనత్తా, అక్కా గుర్తుకే రాలేదు.

నా ఈడు వాళ్ళకు తెలుసు, ఆ రోజుల్లో చుట్టరికాలన్నీ నోటి మీదే ఉండేవి. చేవెళ్ళ, మొయినాబాద్ చుట్టుపక్కల ఏ ఇంటి పిల్ల ఏ ఊరికి వెళ్ళింది, ఎవరి అమ్మమ్మ ఎక్కడి ఆడపడుచు అన్నది నేను కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. సంబంధం కుదర్చాలన్నా, సర్పంచ్ ఎన్నికల్లో ఏ ఓటు ఎటు పోతుందో తేల్చాలన్నా నన్నే పిలిచేవారు. ఇంత తెలిసినవాణ్ణి, పెళ్ళి చేసి పంపిన ఆడపిల్లను మాత్రం మా ఇంటి మనిషిగా లెక్కపెట్టలేదు. మేమందరం అంతే. పండగకు పిలిచి చీర పెట్టేవాళ్ళం, ఆమె జబ్బు మాత్రం అవతలి ఇంటిదనుకునేవాళ్ళం.

మా మేనత్తను మా దగ్గర్లోనే ఉన్న ప్రొద్దుటూరికి ఇచ్చారు. నా చిన్నతనంలో ఆమె వచ్చినప్పుడు నన్ను ఎడమ చంకన ఎత్తుకునేది కాదు, కొంగు చాటు నుంచి పసుపు కట్టు వాసన వచ్చేది. ఆమె పోతే, ఆ ఊరి నీళ్ళు పడలేదన్నారు. తర్వాత మా అక్కను మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్‌కు ఇచ్చాం. అక్క నవ్వితే రెండు చేల అవతలికి వినిపించేది. బంతిపూలు కోసేటప్పుడు నా గంపలోవి తన గంపలో వేసుకుని, నేను ఏడుపు మొహం పెట్టగానే తనవన్నీ నాకే పోసేసేది. అలాంటి మనిషి రొమ్ములో గడ్డను భర్తకైనా చెప్పకుండా దాచుకుంది. తెలిసేసరికి అది పుండై పోయింది. బడికెళ్ళే ఒక్క ఆడపిల్లను వదిలి అక్క వెళ్ళిపోయింది.

శవం లేవకముందే గొడవ లేచింది. రోగమున్న పిల్లను అంటగట్టారని వాళ్ళు, బంగారం లాంటి పిల్లను చూసుకోక చంపారని మేము. "ఇగ ఆ గడప తొక్కేది లేదు" అన్నాడు మా బాపు. మేము తొక్కలేదు. నన్ను మామా అని చుట్టుకునే ఆ మేనకోడలిని కూడా అక్కడే వదిలేశాం.

మా అమ్మాయికీ నాకూ రక్త పరీక్షలు చేశాక తేలింది, ఈ జబ్బును తెచ్చిపెట్టే జన్యు లోపం మా వంశంలోనే ఉందట. నన్ను ఏమీ చేయకుండా, నాలోంచే మా అమ్మాయికి వెళ్ళింది. మేనత్తదీ అక్కదీ అదే అయి ఉంటుందన్నారు. రక్తసంబంధీకులందరికీ చెప్పమన్నారు. ఇన్నేళ్ళ తర్వాత షేర్ ఆటో ఎక్కి హిమాయత్‌నగర్ వెళ్ళాను.

మేనకోడలికి జుట్టు నెరిసింది. అయినా చూడగానే పోల్చుకుని, కుర్చీ వేసి నీళ్ళిచ్చింది. నేను ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నసుగుతుంటే తనే చెప్పింది.

"నాకు ఐదేండ్ల కిందనే వచ్చింది మామా. ఒక దిక్కు తీసేసిన్రు. గిది అమ్మ నుంచే వచ్చిందట, తల్లిగారోళ్ళకు సుత చెప్పుమన్నడు డాక్టరు. మీ ఇంటి దాక వచ్చిన. గేటు కాడ జరసేపు నిలబడి, ఏమంటరో అని వాపస్ పోయిన."

అందులో నిష్ఠూరం లేదు, అందుకే నాకు మరీ దుఃఖం వచ్చింది. ఐదేళ్ళ కిందట మా అమ్మాయికి గడ్డ ఉందో లేదో, ఉన్నా ఎంత చిన్నదో. ఇప్పుడది చంక దాకా పాకింది. డాక్టర్లు ధైర్యం చెబుతున్నారు గానీ, మాట ఇవ్వడం లేదు.

ఇప్పుడు మేనకోడలే మా అమ్మాయి వెంట దవాఖానకు వెళుతున్నది. జుట్టు రాలాక తలకు గుడ్డ ఎట్లా కట్టుకోవాలో నేర్పుతున్నది. ఇద్దరూ జబ్బును దాని పేరుతోనే పిలుస్తారు, ఆటోలో పక్కన ఎవరున్నా సరే. మా కాలంలో ఆడవాళ్ళు ఆ పేరు ఎత్తనే లేదు, మగవాళ్ళం అడగనూ లేదు. బంతి తోటలు పోయి విల్లాలు వచ్చాయని తోటివాళ్ళు బాధపడుతుంటారు. నా బాధ వేరు. మేనకోడలు ఆ రోజు గేటు తీసుకుని లోపలికి వచ్చి ఉంటే, నేను కుర్చీ వేసేవాణ్ణో లేదో, ఎంత ఆలోచించినా నాకే తెలియడం లేదు.