మనిషి తేని కబురు

ఈ యేడు జూన్ మూడవ తేదీ ఉదయం ఏడుంబావుకు, నేను పత్రిక చదువుకుంటూ ఉండగా, మా మేనత్త కొడుకు మరణవార్త సెల్‌ఫోనులో వచ్చింది. ఫొటో, పూలదండ, అంత్యక్రియల వేళ, అన్నీ అందులోనే ఉన్నాయి. చదివి, ఎందుకో తల ఎత్తి గుమ్మం వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.

ఎనభైల మొదట్లో కాశిబుగ్గలో మాది నేత ఇల్లు. మా వంశంలో తొలిసారి డిగ్రీ పూర్తి చేసినవాణ్ణి కావడంతో, వీధి చివరి నూలు దుకాణంలోకి టెలిఫోను వచ్చినప్పుడు దాని గొప్పతనం అందరికీ వివరించే బాధ్యత నాదే అనుకున్నాను. వినేవారు నవ్వేవారు. మా పెదనాన్న నూలు కండె చెవికి ఆనించుకుని, "అలో, యమలోకమా? మా తాతను జర పిలువుండ్రి, ధోతి కొల్త చెప్పాలె" అంటే వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయేవి.

మాలో కష్టం కబురు మనిషే తేవాలి. తెచ్చినవాడు గడప దాటడు, మంచినీళ్లు ముట్టడు. అతడు నిలబడిన తీరులోనే సగం సంగతి తెలిసిపోయేది.

ఆ చలికాలంలో ఒక ఉదయం దుకాణం నుంచి నాకు పిలుపు వచ్చింది. డోర్నకల్ నుంచి ట్రంకు కాల్. అక్కడ రైల్వేలో పనిచేసే మా మేనత్త భర్తనని చెప్పుకున్న గొంతు, అత్త దవాఖానలో ఉన్నదని, తమ్ముణ్ణి అడుగుతున్నదని, మధ్యాహ్నం బండికే మా బాపును తీసుకురమ్మని గరగరల మధ్య చెప్పి, అంతలోనే తెగిపోయింది. తల్లిలేని బాపును చంకనేసుకుని పెంచింది ఆ అక్కే.

పరుగున ఇంటికి వచ్చి చెప్పాను. పెదనాన్న అక్కడే ఉన్నాడు. "డబ్బలకెల్లి ఎవడో ఒర్రితే రైలెక్కుతవార తమ్మీ? అంత కష్టమైతె బావ మనిషిని తోలడా?" అన్నాడు. బాపు మాత్రం మగ్గం గుంటలోంచి నన్నే చూస్తూ, "సదువుకున్నోనివి కొడుకా, నువ్వు చెప్పు. అది బావ గొంతేనా?" అని అడిగాడు.

అవునని ఒక్క మాట అంటే లేచేవాడు. కానీ నిశ్చయంగా తెలియనిది చెప్పరాదని చదువు నేర్పిన జాగ్రత్తే నాకు ఆ క్షణంలో అడ్డొచ్చింది. గొంతు పోల్చలేకపోయానని, బహుశా ఆయనే కావచ్చునని అన్నాను. "అయితె మనిషి రానీ" అని బాపు మళ్లీ నాడె అందుకుని నేత మొదలుపెట్టాడు. నేనొక్కణ్ణయినా బండి ఎక్కవచ్చు. పెదనాన్న నవ్వుకు జంకి ఎక్కలేదు.

మరునాటి మధ్యాహ్నం అత్త మరిది వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. అమ్మ ఇవ్వబోయిన నీళ్ల చెంబు అందుకోలేదు. బాపు గుంటలోంచి లేచాడు గానీ, ఏమైందని అడగలేదు. ముందురోజు పొద్దుగూకేదాకా ప్రతి బండి కూతకూ అత్త తలుపు వైపు చూసిందని అతడే చెప్పాడు.

పెదనాన్న కండె మళ్లీ చెవికి పెట్టలేదు. బతికినన్నాళ్లూ, దుకాణంలో ఫోను మోగినప్పుడల్లా బాపు మగ్గం ఆపి, ఎవరైనా పిలుస్తారేమోనని కాసేపు చెవి ఒగ్గి కూర్చునేవాడు.

ఆనాటి నుంచి మా ఇంట్లో ఫోను కబురుకే బయలుదేరుతున్నాం. కబురు తెచ్చే మనుషులు క్రమంగా రావడం మానేశారు. ఇప్పుడు మా గడప అవతల ఎవరూ వచ్చి నిలబడరు.