స్టీలు బేసినుతో తెనాలి, బాపట్ల

రేపల్లె పక్క పల్లెటూరి నుంచి ఒక తమ్ముడు మొన్న నాకు మెసేజి పెట్టాడు. వాళ్ళ పాపకి పుట్టుకతోనే పాదాలు లోపలికి తిరిగి ఉన్నాయట, వారం వారం పిండికట్టు మార్పించడానికి ఊళ్ళు తిరగాలట, "మీరు అప్పట్లో ఎలా తిరిగారు మాస్టారూ?" అని అడిగాడు. నాలుగు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చున్నాను గానీ, ఎనభైల చివర్లో మేము చేసిన ఒక గురువారం ప్రయాణం మొదటి నుంచి చివరి దాకా కళ్ళముందుకొచ్చింది. అది రాస్తే అతనికే కాదు, పసిపిల్లతో ఆ దారిన వెళ్ళే ఇంకెవరికైనా పనికొస్తుంది. ముందే ఒక మాట. ఆ ప్రయాణం నడిపించింది మా ఆవిడ సుగుణ. నేను సంచి మోశాను, అంతే.

అప్పుడు నేను రేపల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. పెళ్ళయిన రెండో ఏడు నుంచే సుగుణకి కీళ్ళవాతం. పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి గుప్పిట పడేది కాదు, కాఫీ గ్లాసు ఎత్తాలన్నా రెండు చేతులూ కావాలి. కాన్పు తర్వాత నొప్పి ఇంకా ముదిరింది. పుట్టిన పిల్ల ప్రభ ముద్దుగా ఉండేది గానీ, రెండు పాదాలూ లోపలికి మడుచుకుపోయి అరికాళ్ళు ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టుండేవి. తెనాలిలో ఎముకల డాక్టరుగారు వారానికోసారి ఆ పాదాల్ని కొంచెం కొంచెంగా బయటికి తిప్పి, తొడల దాకా కట్టు వేసేవారు. పాత కట్టుని రంపంతో కోస్తుంటే పిల్ల హడలిపోతోందని, ప్రతి గురువారం ఆస్పత్రికి వచ్చే ముందు పొద్దున్నే ఇంట్లో గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి విప్పుకు రమ్మనేవారు. కట్టు చివర ఎక్కడుందో తెలియడానికి కాంపౌండరు సిరాతో ఒక గుర్తు పెట్టేవాడు. నానబెట్టడం, విప్పడం సుగుణ పనే. పిల్ల కాళ్ళతో పాటు తన చేతులూ అదే బేసినులో పెట్టుకునేది. "దాని కట్టు నానేలోపల నా వేళ్ళూ వదులవుతాయి. ఒక కాగు నీళ్ళతో ఇద్దరి పనీ అయిపోద్ది" అనేది.

అంత బాగా సాగుతున్న పనిలో నేను వేలు పెట్టాను. విప్పుతున్నంతసేపూ ఆమె పెదవి కొరుక్కోవడం చూడలేక, ఒక బుధవారం సాయంత్రం తను చర్చికి వెళ్ళినప్పుడు నేనే కట్టు నానబెట్టి విప్పేశాను. పొద్దున్నే ఆమెకా బాధ తప్పుతుంది కదా అని నా తెలివి. తెల్లారేసరికి పాదాలు మళ్ళీ లోపలికి తిరిగాయి. డాక్టరుగారు వాటిని చూసి, ఆ తర్వాత నన్ను చూశారు. "మాస్టారూ, ఒక్క రాత్రి వదిలేస్తే చాలు, పాదం దాని దారి అది చూసుకుంటుంది. ఈ కట్టుతో వచ్చే గురువారానికి నేననుకున్నంత తిరగకపోతే ఇక కోయాల్సిందే" అన్నారు. మేలు చేయబోతే కీడెదురవడమంటే ఏంటో నాకు ఆ రోజు తెలిసింది. తిరుగు రైల్లో వేమూరు దాటాక సుగుణ అంది: "నా నెప్పి నేను పడతానండి. అది తగ్గించబోయి దాని కాళ్ళ మీదికి మాత్రం తేకండి." కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి. మెల్లగా అంది.

ఆ వారమంతా ఆలోచించి తనే ఒక పద్ధతి పెట్టింది. ఈసారి కట్టు ఇంట్లో విప్పేది లేదు. తెనాలి దాకా కట్టుతోనే తీసుకెళ్ళి, డాక్టరుగారి వరండాలోనే నానబెట్టి విప్పాలి. పాదం అరగంట కూడా ఖాళీగా ఉండకూడదు. అందుకని ఆ గురువారం మా ఇంట్లోని పెద్ద స్టీలు బేసిను ప్రయాణం కట్టింది.

రేపల్లె నుంచి తెనాలికి పొద్దున్నే ప్యాసింజరు ఉండేది, గంటా గంటన్నర ప్రయాణం. టిక్కెట్లు ఇద్దరికీ కలిపి పది రూపాయల్లోపే. అక్కడే బయలుదేరే బండి కాబట్టి ముందొస్తే కిటికీ పక్క సీటు దొరుకుతుంది. మేము ముందు రాలేదు. ఆ వేళకి సుగుణ చేతులు సాగవు, చీర కుచ్చిళ్ళు నేనే పెట్టాలి, నేను పెట్టిన కుచ్చిళ్ళు తను రెండుసార్లు విప్పించింది. బండి నిండా దుగ్గిరాల యార్డుకి వెళ్ళే పసుపు రైతులు, కాలేజీ పిల్లలు. తా దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టు నేను బేసిను నెత్తిన పెట్టుకుని ఎక్కాను. భట్టిప్రోలులో ఎక్కిన ఒక పెద్దావిడ ప్రభ కట్లు చూసి నొచ్చుకుంది. "గ్రహణంలో ఏమన్నా కోశావా అమ్మాయ్, కడుపుతో ఉన్నప్పుడు?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. సుగుణ మాత్రం నవ్వి, "లేదండి పిన్నిగారూ, ఈ చేతులతో మామూలు రోజుల్లోనే వంకాయ తెగదు, ఇంక గ్రహణంలో ఏం కోస్తానండి?" అంది. ఆవిడ ఆ వేళ్ళ వంక చూసి, పిల్లని తన ఒళ్ళోకి తీసుకుంది. తెనాలి వచ్చేదాకా దించలేదు.

తెనాలి స్టేషన్ బయట రిక్షా ఎక్కేముందు టీకొట్టు దగ్గర ఆగాం. "రెండు టీలా సార్?" అన్నాడు కొట్టాయన. "టీ కాదు బాబాయ్, వేడినీళ్ళు కావాలి. ఈ క్యారియరు నిండా" అంది సుగుణ. ఎందుకో చెప్పాక ఆయన పాలగిన్నె దించేసి, నీళ్ళగిన్నె పొయ్యి మీద పెట్టాడు. డబ్బులివ్వబోతే, "నీళ్ళకి డబ్బులేంటండి? వచ్చేటప్పుడు టీ తాగి వెళ్ళండి" అన్నాడు.

ఆస్పత్రి వరండాలో మా వంతుకి ముందు ఇంకా నలుగురున్నారు. సుగుణ స్తంభానికి ఆనుకుని కింద కూర్చుని, క్యారియరు నీళ్ళలో చన్నీళ్ళు కలిపి, మోచేత్తో వేడి చూసుకుని, పిల్లని ఒళ్ళో పెట్టుకుని రెండు కాళ్ళూ బేసినులోకి వదిలింది. పక్కనే తన రెండు చేతులూ. తొడల దగ్గర కట్టు పైభాగం మీద నేను చెంబుతో నీళ్ళు పోస్తూ కూర్చున్నాను, నన్ను నమ్మి అప్పగించిన పని అదొక్కటే. నీళ్ళు పాలలాగా తెల్లబడ్డాయి. ముగ్గురు లోపలికెళ్ళి వచ్చేసరికి కట్టు మెత్తబడింది, ఆమె వేళ్ళూ కదిలాయి. సిరా గుర్తు దగ్గర చివర పట్టుకుని పొర పొరా విప్పసాగింది. బొటనవేలు పట్టు తప్పినప్పుడల్లా మణికట్టుతో నొక్కిపెట్టి మళ్ళీ లాగేది. నుదుటి మీద చెమట పట్టింది. "నేను లాగనా?" అన్నాను. "నీళ్ళు పొయ్యండి" అంది.

రెండో కాలి చివరి పొర ఊడుతుండగానే కాంపౌండరు పిలిచాడు. డాక్టరుగారు పాదాల్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆ నిమిషం నేను గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాను, పాదాల వైపు చూసే ధైర్యం లేక. "భేష్" అన్నారాయన. "కోయక్కర్లేదమ్మా. ఇక బూట్లే." సుగుణ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికేముంది. ఆయన అప్పుడు ఆమె చేతుల వైపు చూశారు. "ఈ వేళ్ళతోనా ఇన్నాళ్ళూ విప్పింది?" అని అడిగారు. తర్వాత ఆ చేతులకీ ఒక చీటీ రాసిచ్చారు. పిల్ల పాదాలకి అట్టలు పెట్టి పైపైన కట్టుకట్టి, బూట్లు సాయంత్రంలోపు పడాలని, బాపట్లలో ఒక చెప్పులు కుట్టే ఆయన పేరు చెప్పి పంపారు.

తెనాలి నుంచి బాపట్లకి మద్రాసు వైపు వెళ్ళే ప్యాసింజరులో గంట పైనే పట్టింది. నిడుబ్రోలులో ఇడ్లీ పొట్లం కొని, నేను తుంచి పెడితే సుగుణ తింది. ఆ పొద్దుటి పనికి ఆమె చేతులు అప్పటికే వాచిపోయాయి. బాపట్ల స్టేషన్ నుంచి నడిచి వెళ్ళే దూరంలోనే కొట్టు. పెద్దాయన ప్రభ పాదాల్ని కాగితం మీద పెట్టి గీసుకుని, తయారుగా ఉన్న చిన్న బూట్ల జత తీసి, రెండింటినీ ఒక ఇనప బద్దకి బయటివైపు తిప్పి బిగించాడు. పగలు కొన్ని గంటలు, రాత్రంతా ఇవి ఉండాలని, మూడు నాలుగేళ్ళు తప్పదని చెప్పాడు. ఎలా పెట్టాలో నాకు చూపించబోయాడు. "నాకు చూపించండి తాతా. ఆయన బడికెళ్తారు, దాని దగ్గరుండేది నేను" అంది సుగుణ. చూపించాడు. బకిలు చిన్నది, పిన్ను సన్నది. సుగుణ ఒకసారి ప్రయత్నించింది. రెండోసారి, మూడోసారి. వేళ్ళు పట్టలేదు. ఆ రోజంతా ఎక్కడా తగ్గని మనిషి, అక్కడ ఆ బూటు పట్టుకుని తల దించుకుంది. "కట్టు విప్పగలిగాను గానీ, ఇది పెట్టలేనండి" అంది నాతో.

పెద్దాయన బూట్లు వెనక్కి తీసుకున్నాడు. "చెయ్యి ఇట్టా ఇవ్వు తల్లీ" అని ఆమె మణికట్టు కొలత తీసుకున్నాడు. పిల్ల బూటుకి తల్లి మణికట్టు కొలతేంటో నాకర్థం కాలేదు. బకిళ్ళు పీకేసి, వాటి చోట వెడల్పాటి తోలుపట్టీలు కుట్టాడు. ఒక్కో పట్టీ చివర చెయ్యి దూరేంత ఉచ్చు. ఆ ఉచ్చులోకి మణికట్టు దూర్చి లాగితే పట్టీ బిగుస్తుంది, పట్టీకున్న కన్నం లావుపాటి ఇత్తడి గుబ్బకి తగులుకుంటుంది. వేళ్ళతో పనే లేదు. సుగుణ లాగి చూసింది. టప్పుమని పడింది. విప్పి మళ్ళీ లాగింది. "ఇంకోసారి తాతా" అని మూడోసారీ లాగింది, చిన్నపిల్లకి మల్లే నవ్వుతూ. నాలుగు గంటలకి చెరుకుపల్లి మీదుగా వెళ్ళే రేపల్లె బస్సెక్కి, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాం.

ఇన్నేళ్ళ తర్వాత తిరిగి చూసుకుంటే, ఆ రోజు నేను నేర్చుకున్నది ఒకటే. నొప్పి ఉన్న మనిషి చేతిలో పని లాక్కోవడం సాయం కాదు. ఆ పని ఆ చేతికి అందేలా చేసినవాడే సాయం చేసినట్టు. భర్తనైన నాకు తెలియనిది ఆ చెప్పులు కుట్టే ఆయనకి ఒక్క చూపులో తెలిసింది. సుగుణ నొప్పి పోలేదు, ఇప్పటికీ ఉంది. ప్రభ రెండేళ్ళు దాటాక నడిచింది, నాలుగో ఏట బూట్లు వదిలింది. తొంభైల్లో, దానికి ఆరేళ్ళప్పుడు, ఒక పొద్దున నేను నిద్ర లేచేసరికి వంటింట్లోంచి గోరువెచ్చని నీళ్ళతో అదే స్టీలు బేసినుని రెండు చేతులా పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ, చుక్క తొణకకుండా వస్తోంది. "నాన్నా, అడ్డం లేవండి, అమ్మ చేతులకి" అంది. నేను తప్పుకున్నాను.

తమ్ముడూ, రైళ్ళ టైములు ఇప్పుడు మారి ఉంటాయి, స్టేషన్లో అడుగు. కట్టు విప్పడం సంగతి మీ డాక్టరుగారు ఎలా చెప్తే అలాగే చెయ్యి, నాలాగా ముందు రాత్రి విప్పేయకు. ఇక బేసిను కొనేటప్పుడు చిన్నది కొనకు. రెండు పాదాలతో పాటు రెండు చేతులు కూడా పట్టాలి.