టోక్యో నుంచి లండనుకు ఒక ఎర్రదారం

మా భూగోళం అయ్యవారు మంగళవారం పోయినారు. తొండూరులో కూతురింట జబ్బుపడితే ఇక్కడికి, మా జమ్మలమడుగు ఆసుపత్రికి తెస్తున్నారు. వాన బురదలో బండి దిగబడింది. దారిలోనే ప్రాణం పోయింది. శుక్రవారానికల్లా మా బడి కమిటీ ప్రెసిడెంటు, అయ్యవారు గోడమీద గీసిన ప్రపంచపటానికి సున్నం కొట్టించినాడు. ఇది అన్యాయం. చేసింది ఆయనేనని రాయడానికి నాకు జంకు లేదు.

పోయి అడిగితే, "ఏందప్పా, గోడే గదా! ఇన్‌స్పెక్టరు వస్తాండాడు, తెల్లగా ఉండాల" అన్నాడు.

అది వట్టి గోడ కాదు. ఖండాలకు రాజుపాలెం రేగడిమట్టి, సముద్రాలకు బట్టల నీలి, రెండింటికీ తుమ్మబంక. ఒక ఎండాకాలం సెలవులన్నీ అయ్యవారు నిచ్చెన మీదే గడిపినారు. టోక్యోకొక మేకు, లండనుకొక మేకు కొట్టి, ప్రొద్దుటూరు మగ్గాల దగ్గర అడిగి తెచ్చిన ఎర్రనూలు కట్టినారు. తిన్నగా కాదు, ఉత్తరాన మంచుసముద్రంలో మూడో మేకు మీదుగా వంచి. జెట్ విమానానికి దగ్గరి దారి అదేనన్నారు.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. నాలుగు కరపత్రాలు చదివి, ప్రతి వంకర వెనకా ఒక దొంగ ఉంటాడని నమ్మినవాణ్ణి.

"తిన్నగా పోక పైకెక్కి పోవడమేంది అయివారూ? దుడ్లున్నోళ్ల షికారా?" అన్నాను. తరగతంతా నవ్వింది. ఆయనా నవ్వినారు.

"అరుస్తాండావు సరే అబ్బీ, కొలిచినావా?"

మర్నాడు గుండ్రటి కుండ తెచ్చినారు. దానిమీదా ప్రపంచమే. దారం నా చేతికిచ్చినారు. గోడమీద తిన్నగా కనబడిన దారిలోనే పరిస్తే దారం చాల్లేదు. ఉత్తరం మీదుగా లాగితే రెండు వేళ్ల వెడల్పు మిగిలింది.

"గోడను తిట్టొద్దు. పాపం, దానికి వంపు లేదు, భూమికి ఉండాది. ముందు కొలువు, తర్వాత శానా అరుచుకో."

ఆయన ఏనాడూ విమానం ఎక్కలేదు. పులివెందుల నుంచి ఎవరొచ్చినా మైళ్లు అడిగేవారు కాదు, ఎన్ని గంటలు పట్టిందని అడిగేవారు. "టోక్యో నుంచి లండనుకు ఆరువేల మైళ్లు. ఎగిరేది పన్నెండు గంటలు. వానొస్తే తొండూరు నుంచి ఈడికీ అంతే. ఇంగ ఏది దూరమో చెప్పండ్రా" అనేవారు. ఆ జవాబు మాకు మంగళవారం తెలిసింది.

నిన్న ప్రెసిడెంటు ఇంటిగోడకు పూయాలని తారుడబ్బా పట్టుకుని బయలుదేరినాను. దారిలో బడి దగ్గర ఆగి గోడ తడిమినాను. మూడు మేకులూ ఉన్నాయి. పటం ఎంత మేర ఉండేదో జానలు పెట్టి కొలిచినాను. కొలిచేసరికి తారు సంగతి మరిచిపోయినాను.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు అందరూ ఆ గోడ దగ్గరికి రండి. రాజుపాలెం వాళ్లు రేగడి తెండి, తక్కినవాళ్లు నీలి, బంక. అయ్యవారి భార్య ఆ కుండ ఇస్తానన్నారు. ప్రెసిడెంటు గారూ, మీరూ రండి, నిచ్చెన పట్టడానికి మనిషి కావాలి. సున్నం ఆరుతోంది. దాని కింద టోక్యో నుంచి లండను దాకా దారం వంపు అప్పుడే ఉబ్బెత్తుగా పైకి తేలుతోంది.