బై ఏ ఇండ్ల నల్లాలు

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు నన్ను ఒక మున్సిపల్ కార్యాలయంలో నీటి సరఫరా విభాగానికి సీనియర్ అసిస్టెంటుగా వేశారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడింటా పనిచేశాను కనుక ఊరి పేరు చెప్పను. మూడు ఊళ్ళూ సమానంగా అనుమానపడితే నాకు ఇబ్బంది లేదు.

నల్లా ఫిర్యాదులను రిజిస్టరులో రాసి, ఇంటి నంబర్ల వరుసలో జాబితా తీసి, రోజూ పొద్దున ఫిట్టర్ రాజయ్యకు ఇవ్వడం నా పని. వరుస పెట్టడానికే గంట పట్టేది. అందుకని యాభై ఎనిమిదో ఏట ఫోనులో పాఠాలు చూసి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. నా ప్రోగ్రాము ఇంటి నంబరును అడ్డగీతల దగ్గర కోసి, ముక్కలను అంకెలుగా మార్చి, వరుస పెట్టేది. పెట్టేది అంటే, మధ్యలో ఆగిపోయి తెర నిండా ఎర్ర అక్షరాలు పోసేది. వాటిని చదవాలని నాకు తోచలేదు. పక్క సీటువాళ్ళు చూడకూడదని మాత్రం తోచింది.

మందు ఒక పాఠంలో దొరికింది. ‘ట్రై’ అంటే ప్రయత్నించు; ‘ఎక్సెప్ట్’ అంటే తప్పు వస్తే; ‘పాస్’ అంటే పట్టించుకోకుండా ముందుకు పో. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో కార్యాలయ సంప్రదాయానికి ఇంత దగ్గరి ఆదేశాన్ని నేను చూడలేదు. వెంటనే రాశాను. ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. జాబితా కూడా కొంచెం చిక్కిపోయింది.

“కంప్యూటరు అచ్చినంక నల్లాలు సుత భయపడుతున్నయి సార్, ఖరాబే అయితలేవు” అన్నాడు రాజయ్య. ఫిర్యాదులు తగ్గాయని కమిషనరు సమావేశంలో మెచ్చుకున్నారు. వినయంగా తల వంచాను. ఆ వ్యవహారం మొత్తంలో సరిగ్గా ఉన్నది ఆ వినయం ఒక్కటే.

నెల తిరగకముందే నర్సవ్వ అనే ఆమె ఖాళీ బిందెతో వచ్చి, దాన్ని నా బల్ల మీద పెట్టింది.

“మా బావింట్ల నీళ్ళు దుంకుతున్నయి, మా ఇంట్ల సుక్క లేదు. నాలుగుసార్లు రాపిచ్చిన. పంపకాలప్పుడు పెద్దమనుషులు ఆయన దిక్కే ఉండిరి. ఇప్పుడు మీ కంప్యూటర్ సుత గాయన దిక్కేనా సారూ?”

కంప్యూటరుకు బంధుత్వాలు ఉండవన్నాను.

“మరి మొన్న పుట్టిన నా మనుమరాలికి ఎల్లుండి పురుడు చెయ్యాలె. పసిపిల్ల తానానికి బావింట్లకెళ్ళి నీళ్ళడుక్కోవాల్నా? గా గడప తొక్కి ఆరేండ్లాయె.”

రిజిస్టరు తిప్పాను. నాలుగు ఫిర్యాదులూ నా చేతిరాతలోనే ఉన్నాయి. ఏ జాబితాలోనూ ఆమె ఇల్లు లేదు. ‘ట్రై’, ‘ఎక్సెప్ట్’, ‘పాస్’ మూడూ తీసేసి ప్రోగ్రాము నడిపాను. ఎర్ర అక్షరాలు తిరిగి వచ్చాయి. ఈసారి చివరి వరుస దాకా చదివాను. అసలు సంగతి ఎప్పుడూ అక్కడే ఉంటుందట. ‘11/ఏ’ను అంకెగా మార్చలేనని అది మొదటి రోజు నుంచీ మర్యాదగానే చెబుతోంది.

అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటే పాత నంబరు అన్నకు ఉంటుంది, తమ్ముడికి, నర్సవ్వ భర్తకు లాగే, చివర ‘బై ఏ’ తగులుతుంది. అంటే నేను ఊళ్ళోని తమ్ముళ్ళందరినీ జాబితాలోంచి తీసేశాను. మా ఇల్లూ బై ఏనే. మా నల్లా బాగుండబట్టి నాకు తెలియలేదు.

రాజయ్య ఆ మధ్యాహ్నమే వెళ్ళి, మెయిన్ పైపు దగ్గర పేరుకున్న మట్టి తీశాడు. మర్నాడు ఆ వీధికి నీళ్ళ వంతు. పొద్దున్నే నర్సవ్వ ఫోను: “అచ్చినయి సారూ. మా బావింట్ల కంటె జోరుగున్నయి.” రెండో సంగతే ఆమెకు ఎక్కువ నచ్చినట్టుంది.

తర్వాత బై దగ్గర కూడా కోసి, అక్షరాన్ని అక్షరంగానే ఉంచడం ప్రోగ్రాముకు నేర్పాను. అప్పటికీ మింగుడుపడని నంబర్లు జాబితాలో అన్నిటికంటే పైన, ‘అర్థం కానివి’ అన్న శీర్షిక కింద అచ్చయ్యేలా చేశాను. మిగిలిపోయిన తమ్ముళ్ళందరూ ఒకేసారి జాబితాకెక్కారు. ఫిర్యాదులు ఎందుకు పెరిగాయో సంజాయిషీ ఇమ్మని కమిషనరు మెమో ఇచ్చారు. ‘ప్రోగ్రాములో తప్పు సవరించినందున’ అని ఒక్క వాక్యం రాసి పంపాను. నేను రిటైరయ్యేదాకా దానికి జవాబు రాలేదు. పైవాళ్ళకు ప్రోగ్రామింగ్ రాకపోయినా ‘పాస్’ వచ్చు.

నేను నేర్చుకున్నది ఇంతే: ప్రోగ్రాము ఆగిపోవడం తప్పు కాదు, చెప్పకుండా ముందుకు పోవడం తప్పు. ఎర్ర అక్షరాలను చివరి వరుస దాకా చదవాలి. మనం చదవకపోతే ఎవరో ఒకరు బిందె పట్టుకుని వచ్చి చదివి వినిపిస్తారు.