పాప గురించి అడిగిన మనిషి

సాయంత్రం నాలుగున్నరకు పూలామె మా గల్లీలోకి వచ్చింది. రోజూ ఆ వేళకే వచ్చేది. గుడిమల్కాపూర్ తోటల్లో కోసిన మల్లెలు మాల కట్టి, తడిగుడ్డ కప్పి, హుస్సేనీ ఆలం దాకా నడిచి వచ్చేది. మా అత్తమ్మ రోజూ దేవుడికి ఒక మూర తీసుకునేది. ఆ రోజు గంపలో ఉన్నదంతా తీసుకుంది.

దావత్ ఏమన్నా ఉన్నదా అని పూలామె అడగడం లోపలి గదిలోకి వినిపించింది. అత్తమ్మ ఏం చెప్పిందో వినపడలేదు.

ముందు రోజు మా పాప పోయింది. ఇంకా పేరు పెట్టలేదు. మా ఆయనా వాళ్ళ చిన్నాయనా పాపను తీసుకుపోయి మట్టి చేసి వచ్చారు. అంత చిన్న పిల్లకు దినాలు ఉండవని, స్నానం చేస్తే చాలని పెద్దలు అన్నారు. ఆయన స్నానం చేశారు. మర్నాడు దఫ్తరుకు పోయారు.

నాకు పాలు ఆగలేదు. పాలు ఎండాలంటే మల్లెలు కట్టాలి. అత్తమ్మ ఆ మాలలు నా రొమ్ముల మీద పరిచి, పాత చీర ముక్కతో బిగించి కట్టింది. పూలు చల్లగా ఉన్నాయి. పాలతో తడిసినప్పుడు తీసి కొత్తవి కట్టేది. ఆ గదిలో అప్పుడు నేను ఏం ఆలోచించానో రాయాలంటే ఏమీ గుర్తుకు రాదు. వాసన గుర్తుంది.

రెండో రోజు పూలామె మళ్ళీ వచ్చింది. ముందు రోజు అన్ని పూలు కొన్నది బాలింత ఇంట్లో వేడుక కోసమే అనుకుందామె. మాలలతో పాటు ఒక చిన్న దండ విడిగా ఇచ్చింది.

"ఇది నీ మనవరాలి ఉయ్యాలకు. దీనికి పైసలియ్యకు. బిడ్డ మంచిగున్నదా?"

తరువాత అత్తమ్మ గొంతు వినపడింది.

"మంచిగున్నది."

"ఎవరి పోలిక?"

"ముక్కు తండ్రిది. గొంతు నాది."

"నీ గొంతయితే ఇగ ఈ గల్లీల ఎవ్వరు పండుకోరు."

పూలామె నవ్వింది. అత్తమ్మ కూడా నవ్వింది. నేను కళ్ళు తెరుచుకుని పడుకున్నాను.

ఉయ్యాల అప్పటికే విప్పి అటక మీద పెట్టారు. దూలానికి కొక్కెం మాత్రం మిగిలింది. అత్తమ్మ పీట వేసుకుని ఎక్కి ఆ దండను కొక్కేనికి తగిలించింది. మర్నాడు ఇంకో దండ వచ్చింది. పాలు తాగుతున్నదా, రాత్రి ఏడుస్తున్నదా అని పూలామె అడిగేది. తాగుతున్నదనీ, ఏడుస్తున్నదనీ అత్తమ్మ చెప్పేది. కొన్నాళ్ళకు నా పాలు ఆగిపోయాయి. మాలలు మళ్ళీ దేవుడికి ఒక మూరకు వచ్చాయి. చిన్న దండ మాత్రం రోజూ వచ్చేది. పాతవి ఎండి గోధుమరంగుకు తిరిగి కొక్కేనికి అలాగే ఉండేవి. పీట కొన్ని రోజులుగా గోడ దగ్గరి నుంచి కదలడం లేదని గమనించాను. సాయంత్రం ఇంటికి వచ్చాక ఆయనే తగిలిస్తున్నారు. ఆయన పొడగరి. మేము దాని గురించి మాట్లాడుకోలేదు.

నేను గడప దాకా రావచ్చు అన్న రోజున పూలామె నన్ను చూసి సంతోషించింది.

"బిడ్డను తీస్కరా తల్లీ, ఒక్కసారి చూసి పోత."

అత్తమ్మ నా వైపు చూడలేదు. చెప్పాల్సింది నేనే.

"పాప లేదమ్మా. నీ దగ్గర గంపెడు పూలు కొన్నదానికి ముందు రోజే పోయింది."

పూలామె గంప కింద పెట్టింది. గడప మీద కూర్చుంది. అత్తమ్మను అడిగింది.

"మరి చిన్న దండ దినాం ఎందుకు తీసుకున్నవమ్మా?"

"అందరు కోడలు ఎట్లున్నదని అడిగిండ్రు. పిల్ల ఎట్లున్నదని నువ్వొక్కదానివే అడిగినవ్."

మర్నాడు ఆమె రాదనుకున్నాను. నాలుగున్నరకు వచ్చింది. దేవుడికి మూర కొలిచి, చిన్న దండ విడిగా పెట్టింది. కొన్ని నెలల తరువాత ఒక రోజు, ఇప్పటికి కూసుంటుండె గదా అంది. ఆ, కూసుంటుండె అంది అత్తమ్మ. నేను పుస్తకాలు చదివే మనిషిని. లేని పిల్లకు వయసు లెక్కకట్టడం నాకు నచ్చలేదు. గది లోపల పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. పేజీ తిప్పేదాన్ని కాదు. ఒకసారి అత్తమ్మ ఊళ్ళో లేనప్పుడు పూలామె నన్నే అడిగింది. పళ్ళు వచ్చి ఉండేవి అన్నాను. దండ తీసుకున్నాను.

ఆ మరుసటి ఏడు లాడ్ బజార్ వెనక ఒక ఇంట్లో పురిటి బిడ్డ పోయాడు. ఆ ఇంటాయన మా ఆయనతో పనిచేసేవారు. అత్తమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయింది. ఆ దంపతులు చాప మీద కూర్చుని ఉన్నారు. చుట్టాలు వయసుంది, మళ్ళీ పుడతారు అని చెబుతున్నారు. అత్తమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. బాబు ఎవరి పోలిక అని అడిగాను. చుట్టాలు మాట ఆపేశారు. తల్లి తల ఎత్తలేదు. తండ్రి చెప్పాడు.

"చెవులు నావి. వెంట్రుకలు మస్తుండె."

తరువాత తల్లి తన చెయ్యి తిప్పి, బాబు తల ఎక్కడిదాకా వచ్చేదో మోచేతి దగ్గర చూపించింది. మేము చీకటి పడకముందే వచ్చేశాం.

కొన్నేళ్ళకు అత్తమ్మ పోయింది. పూలామెకు మోకాళ్ళ నొప్పులు వచ్చి రావడం మానేసింది. హుస్సేనీ ఆలంలో మా ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆయన కొక్కెం నుంచి దారాలు విప్పారు. పూలు ఎప్పుడో రాలిపోయాయి. మాకు తరువాత పుట్టిన పిల్లలకు పాప ఉండేదని తెలుసు. ఇంట్లో ఇప్పుడు మల్లెలు కొనడం లేదు. పాప గురించి ఎవరూ అడగరు.