తేనెటీగల వెంట మా అత్త

మా అత్త పోయిందని శనివారం తంతి వచ్చింది. బడిలో పాఠం మధ్యలో ఉన్నాను. పిల్లలను పక్క తరగతి పంతులమ్మకు అప్పగించి గోరంట్ల బస్సెక్కాను. నేను చేరేసరికి అంతా అయిపోయింది. కన్నతల్లి పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు, దాచడమెందుకు.

పెళ్లయిన కొత్తలో ఆమెను చూసి నవ్వుకునేదాన్ని. ఎండాకాలం పొద్దున్నే పుల్లలకని నన్ను వెంటబెట్టుకుని ఊరి పక్క ఎండిన వంకలోకి దిగేది. ఏరేది నేను, నిలబడి చూసేది ఆమె. గులకరాళ్ల మధ్య తీతువు గుడ్లు, ఇసుకలో గరాటులాంటి గుంట చేసుకుని చీమ కోసం కాచుకున్న పురుగు, అన్నీ కావాలి ఆమెకు.

‘పొయ్యి ముట్టించల్ల, రా అత్తా’ అంటే, ‘దాని పొయ్యి కూడా ఇంకా అంటుకోలేదు, చూడు’ అనేది.

ఆ కరువు ఏడాది నాకు ఏడో నెల. కాన్పుకు చిలమత్తూరు దగ్గర పుట్టింట్లో దిగబెట్టడానికి నన్ను తీసుకుని బయలుదేరింది. బస్సు దారిలో చెడిపోయింది. అదే వంక ఎగువన పడి నడిస్తే దగ్గరేనంది. ఇసుకలో ఉంటుందనుకున్న చెలమ ఎండిపోయి ఉంది. చెంబులో చుక్క లేదు. నాకు కళ్లు తిరుగుతున్నాయి. కడుపులో బిడ్డ కదలిక తెలియడం లేదు.

తుమ్మ నీడన కూలబడ్డాను. చెమట పట్టిన నా మెడ మీద రెండు తేనెటీగలు వాలాయి. కొంగుతో విసిరి తోలాను. అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

‘తోలొద్దు పాపా. నీళ్లుండే తావుకు పోతాండాయవి.’

‘నా పానం పోతాంటే నువ్వు ఈగల్ని చూస్తాండావా?’ అని అరిచాను.

ఈగలు వెళ్లిపోయాయి. నా చేతులారా తోలేశానని అప్పటికి గాని అర్థం కాలేదు. ఎంతసేపు చూశామో, వంకలో ఒక్క రెక్క ఆడలేదు. ఆమె మీద కోపం, నా మీద రోత, బిడ్డ మీద భయం.

చివరికి ఒకటి వచ్చింది, దాని వెనక మరొకటి. నేరుగా మలుపు వైపు పోయాయి. అత్త పరుగెత్తలేదు. పది అడుగులు వేసి, ఇంకో ఈగ కనబడేదాకా నిలబడి, మళ్లీ పది అడుగులు. బండ కింద ఇసుకలో పాతికదాకా ఈగలు మూతులు ఆనించి ఉన్నాయి. వాటిని కదపకుండా జానెడు పక్కన చేతులతో తవ్వింది. మోచేతి లోతులో తడి తగిలింది, ఇంకా లోపల నీళ్లు.

కొంగులో వడగట్టి చెంబుతో తాపింది. మూడో చెంబుకు బిడ్డ కదిలింది.

‘తన్నింది అత్తా.’

‘తన్ననీ. బాగా తన్ననీ’ అంది.

‘నువ్వు తాగు’ అంటూ అప్పుడు చూశాను. ఆమె పెదవులు పగిలి నెత్తురు ఎండి ఉంది. పొద్దుటి నుంచి చెంబులో నీళ్లన్నీ నేనే తాగాను. చీమనూ ఈగనూ చూడటం నేర్పిన మనిషిని మాత్రం చూడలేదు.

ఆమె దోసిలి ముంచి పైకి తీసింది. ఒక తేనెటీగ వచ్చి వేళ్ల అంచున వాలింది. అది తాగి ఎగిరిపోయేదాకా అత్త ఆ దోసిలి నోటిదాకా ఎత్తలేదు.